పరుగెత్తే బిడ్డకు దగ్గు, ఆయాసం: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు



ఆయాసం అనగానే మనకు మంచం మీద కూర్చుని ఎగశ్వాస తీసుకునే పెద్దవారు గుర్తుకు వస్తారు. రోజూ తెల్లవారుజామున లేచి నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తే ఇరవై ఏళ్ళ బిడ్డకు శ్వాస జబ్బు ఉంటుందని మనం అనుకోము. "అంత దూరం పరుగెత్తేవాడికి ఉబ్బసం ఏమిటండీ?" అని వార్డుల్లో మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. నిజానికి దూరపు పరుగు, సైకిలు పోటీలు, ఈత వంటి ఓర్పుతో కూడిన ఆటలు ఆడేవారిలో శ్వాసనాళాల ఇబ్బందులు మామూలు జనంలో కంటే ఎక్కువగానే కనిపిస్తాయి.

మన ఊళ్ళలో ఇప్పుడు ఇలా పరుగెత్తే పిల్లలు తక్కువేమీ కాదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంటుంది. సైన్యంలో చేరడానికీ పరుగు పరీక్ష ఉంటుంది. హైదరాబాదులో ఏటా జరిగే మారథాన్‌కు పేరు ఇచ్చుకునేవారు ఉన్నారు. స్కూలు పోటీలకు, కబడ్డీకి సాధన చేసేవారు ఉన్నారు. వీరిలో ఒకరికి పరుగు తర్వాత దగ్గు, ఆయాసం వస్తే ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: "పరుగు మానెయ్, ప్రాణం కంటే ఉద్యోగం ఎక్కువా?" రెండవది: "సాధన చాలదు, ఇంకా రెండు రౌండ్లు ఎక్కువ వెయ్యి."

ఈ రెండూ ప్రేమతో అన్న మాటలే. కాని రెండూ తొందరపాటు మాటలే. పరీక్ష చేయించకముందే పరుగు మాన్పించకూడదు. పరీక్ష చేయించకుండా బిడ్డను తరమనూ కూడదు. ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

1. పరుగెత్తేటప్పుడు ఊపిరితిత్తుల్లో ఏమి జరుగుతుంది?

ఊరకే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి సుమారు 6 నుండి 8 లీటర్ల గాలి పీలుస్తాము. ఆ గాలి ముక్కు గుండా వెళ్తుంది. ముక్కు దానిని వెచ్చబరుస్తుంది, తేమ కలుపుతుంది, దుమ్మును వడకడుతుంది. ముక్కు మనకు దేవుడిచ్చిన జల్లెడ.

గట్టిగా పరుగెత్తేటప్పుడు అదే మనిషికి నిమిషానికి 100 లీటర్లకు మించి గాలి కావాలి. అంత గాలికి ముక్కు చాలదు, నోరు తెరవవలసిందే. అప్పుడు చల్లని, పొడి గాలి, దానితోపాటు దుమ్మూ పొగా నేరుగా లోపలి గొట్టాల్లోకి వెళ్తాయి. గొట్టాల లోపలి పొర తన తేమనంతా ఆ గాలికి ఇచ్చి ఎండిపోతుంది. ఎండిన పొర నుండి కొన్ని రసాయనాలు విడుదలవుతాయి. వాటి ప్రభావంతో గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. గొట్టం సన్నబడుతుంది. గాలి బయటికి రావడం కష్టమవుతుంది. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్లు ఉండడం దీనివల్లనే.

దీనిని పరుగు వల్ల వచ్చే ఉబ్బసం అంటాము. మామూలుగా ఉబ్బసం ఉన్నవారిలో చాలామందికి ఇది ఉంటుంది. మరే సమయంలోనూ ఉబ్బసం లక్షణాలు లేనివారికి కూడా పరుగులో మాత్రమే రావచ్చు. ఏళ్ళ తరబడి కఠిన సాధన చేసేవారిలో గొట్టాల పొర రోజూ ఎండిపోయి, దెబ్బతిని, మళ్ళీ మానుతూ ఉంటుంది. అందుకే చల్లని దేశాల్లో మంచు మీద స్కీయింగ్ చేసేవారిలో, క్లోరిన్ కలిపిన నీటిలో గంటలకొద్దీ ఈదేవారిలో ఈ జబ్బు ఎక్కువ. మన దగ్గర అంత చలి లేకపోయినా దుమ్ము, పొగ ఆ లోటు తీరుస్తున్నాయి.

2. ఏ గుర్తులు చూడాలి?

ఇలాంటి బిడ్డను ఒకసారి ఊహించుకోండి. కానిస్టేబుల్ పరీక్షకు సాధన చేస్తున్నాడు. మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు బాగానే పూర్తి చేస్తాడు. ఆగి, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటాడు. తోటివాళ్ళు రెండు మూడు నిమిషాల్లో తేరుకుని కబుర్లు చెప్పుకుంటారు. ఇతనికి మాత్రం అప్పుడే దగ్గు మొదలవుతుంది. ఇంటికి వచ్చేదాకా తగ్గదు. స్నానం చేసి టిఫిను తినేసరికి మామూలుగా ఉంటాడు. అందుకని ఎవరూ పట్టించుకోరు. వారాలు గడిచినా టైము మెరుగుపడదు. తనకు చేతకాదేమో అని బిడ్డ లోలోపల కుంగిపోతాడు.

ఇక్కడ గమనించవలసినది సమయం. సాధన చాలక వచ్చే రొప్పు పరుగు ఆపిన కొద్ది నిమిషాల్లో తగ్గుతూ పోతుంది. పరుగు ఉబ్బసం తరచుగా పరుగు ఆపిన తర్వాత 5 నుండి 10 నిమిషాల్లో ఎక్కువవుతుంది. 30 నుండి 60 నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి ఛాతీ శుభ్రంగా వినిపించడానికి కారణం ఇదే.

ఈ గుర్తులు ఒక కాగితం మీద రాసుకోండి:

– పరుగు ఆపాక దగ్గు, అది వారంలో ఎన్నిసార్లు వస్తోంది.
– ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూత.
– ఛాతీ మీద బరువు పెట్టినట్లు, పట్టీ బిగించినట్లు ఉండడం.
– చలికాలంలో, దుమ్ము రేగిన రోజున, జలుబు చేసిన వారంలో ఎక్కువ కావడం.
– రాత్రిపూట లేదా తెల్లవారుజామున దగ్గుతో మెలకువ రావడం.
– చిన్నప్పుడు పాలఉబ్బసం, తుమ్ములు, చర్మం దురదలు ఉండడం, లేదా ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉండడం.

ఒక వారం రాసిన కాగితం డాక్టరుగారికి ఎంతో ఉపయోగపడుతుంది. పరుగు ముగిసిన తర్వాత దగ్గు, కూత వస్తున్నప్పుడు ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి చూపించినా మంచిదే.

3. ప్రతి ఆయాసమూ ఉబ్బసం కాదు

ఇది చాలా ముఖ్యం. పరుగులో ఆయాసం వచ్చిందని మందుల షాపులో ఇన్హేలర్ కొనుక్కుని వాడుకునేవారు ఉన్నారు. అలా చేయకండి. ఆయాసానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. కొన్ని చిన్నవి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

గొంతులో ఇబ్బంది: కొందరికి, ముఖ్యంగా పదిహేను, పదహారేళ్ళ ఆడపిల్లలకు, పరుగు బాగా ఉధృతంగా ఉన్నప్పుడు స్వరపేటిక దగ్గర దారి సన్నబడుతుంది. వీరికి ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం వస్తుంది. గొంతు పట్టేసినట్లు ఉందని గొంతు మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆపిన కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇన్హేలర్ పని చేయదు. దీనికి శ్వాస అలవాట్లు నేర్పించే వ్యాయామాలు ఉన్నాయి. చూసేవాళ్ళు "నటిస్తోంది" అంటారు. నటన కాదు.

రక్తహీనత: 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువగా ఉన్నట్లు తేలింది. రక్తం తక్కువైతే మెట్లెక్కినా ఆయాసమే. కళ్ళ లోపలి రెప్ప, గోళ్ళు పాలిపోతాయి. మామూలు రక్తపరీక్షతో తెలిసిపోతుంది. ఇనుము మాత్రలతోనూ, ఆకుకూరలు, పప్పులు, మాంసాహారం తినేవారైతే కాలేయం, చేపలతోనూ బాగవుతుంది. భోజనం చేయగానే టీ తాగే అలవాటు ఇనుమును ఒంటపట్టనివ్వదు. గంట ఆగి తాగనివ్వండి.

గుండె జబ్బు: చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో జ్వరం వచ్చి, గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి పెద్దయ్యాక ఆయాసం బయటపడవచ్చు. కొందరికి గుండె కండరం పుట్టుకతోనే మందంగా ఉంటుంది. పరుగెత్తుతుండగా కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె దడదడలాడినా, మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఆ రోజే పరుగు ఆపించండి. ఇ.సి.జి., ఎకో పరీక్షలు అయ్యి డాక్టరు సరే అనేదాకా మైదానానికి పంపకండి. పరుగు మాన్పించవద్దని పైన చెప్పిన మాట ఇలాంటివారికి వర్తించదు.

క్షయ: రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి. హాస్టళ్ళలో, ఒకే గదిలో పదిమంది ఉండి సాధన చేసే పిల్లల విషయంలో దీనిని మరువకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం.

4. ఆసుపత్రిలో ఏ పరీక్షలు చేస్తారు?

ముఖ్యమైన పరీక్ష స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు. మొదటి ఒక సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో యంత్రం కొలుస్తుంది. నొప్పి ఉండదు, సూది ఉండదు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. పరుగు ఉబ్బసం ఉన్నవారికి కూర్చుని ఊదినప్పుడు ఫలితం మామూలుగా రావచ్చు. "రిపోర్టు నార్మల్, ఏమీ లేదు" అని ఇంటికి వెళ్ళిపోకండి. అవసరమైతే ట్రెడ్‌మిల్ మీద 6 నుండి 8 నిమిషాలు గట్టిగా పరుగెత్తించి, ఆ తర్వాత కొన్ని నిమిషాలకొకసారి మళ్ళీ ఊదిస్తారు. ఆ మొదటి సెకను గాలి 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే పరుగు ఉబ్బసం ఉన్నట్లు లెక్క. ఈ పరీక్ష లేనిచోట పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టం ఇచ్చి, పరుగుకు ముందు, తర్వాత ఊది అంకెలు రాసుకురమ్మంటారు. ఇంట్లోవారు దగ్గరుండి ఆ అంకెలు రాస్తే చాలా మేలు.

5. మందుల గురించి ఇంట్లో వచ్చే సందేహాలు

"ఇన్హేలర్ అలవాటైపోతుందా?"

కాదు. మత్తుమందులా అలవాటయ్యే గుణం దానిలో లేదు. "ఇన్హేలర్ ఆఖరి మందు" అని కూడా అంటుంటారు. అదీ సరికాదు. అది మొదట వాడవలసిన మందు. మాత్ర మింగితే ఒళ్ళంతా తిరిగి కొంచెం ఊపిరితిత్తులకు చేరుతుంది. పీల్చే మందు కావలసిన చోటికే వెళ్తుంది. అందుకే దాని మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఒక మిల్లీగ్రాములో 1000 మైక్రోగ్రాములు.

"ఇది స్టెరాయిడ్ అట కదా, భయం లేదా?"

ఇన్హేలర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి బిగిసిన గొట్టాన్ని వెంటనే వదులు చేసేది, సాల్బుటమాల్ వంటిది. రెండవది గొట్టంలోని వాపును తగ్గించేది, బుడెసొనైడ్ వంటి తక్కువ మోతాదు స్టెరాయిడ్. మొదటిది మంట మీద నీళ్ళు చల్లడం వంటిది, రెండవది నిప్పును ఆర్పడం వంటిది. వదులు చేసే మందు ఒక్కటే వాడుతూ వాపును అలాగే వదిలేస్తే హఠాత్తుగా పెద్ద దాడి రావచ్చు. అందుకే ఉబ్బసం చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే జినా సంస్థ 2019 నుండి పెద్దవారికీ, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకూ సాల్బుటమాల్ ఒక్కదానితో చికిత్స చేయవద్దని చెబుతోంది. స్టెరాయిడ్ కలిసిన ఇన్హేలర్ అవసరమని చెబుతోంది. ఏ మందు, ఎంత అన్నది మీ డాక్టరు నిర్ణయిస్తారు.

స్టెరాయిడ్ ఇన్హేలర్ పీల్చిన తర్వాత నోరు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోటిలో తెల్లని పూత వస్తుంది. ఇంతకు మించి భయపడనవసరం లేదు.

"పరుగుకు ముందు పీల్చాలా?"

కొందరికి పరుగుకు సుమారు 15 నిమిషాల ముందు పీల్చమని డాక్టరు చెబుతారు. అయితే రోజూ సాల్బుటమాల్ పీలిస్తేనే పరుగెత్తగలుగుతున్నాడంటే లోపలి వాపు అదుపులో లేదని అర్థం. రోజూ వాడితే దాని రక్షణ కూడా తగ్గుతుంది. అలాంటప్పుడు మళ్ళీ డాక్టరును కలవాలి.

"చేపమందు వేయించాము, ఇక ఇన్హేలర్ ఎందుకు?"

మృగశిర కార్తె నాడు హైదరాబాదు వెళ్ళి చేపమందు వేయించుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ నమ్మకాన్ని మేము కించపరచము. కాని ఏ కారణం చేతనైనా ఇన్హేలర్‌ను మీ అంతట మీరు ఆపకండి. లక్షణాలు లేని నెలల్లో కూడా వాపు లోపల ఉండవచ్చు.

ఇన్హేలర్ పీల్చే పద్ధతిని నర్సు ముందు చేసి చూపించమనండి. చాలామందిలో మందు గొంతు వెనుక తగిలి అక్కడే ఆగిపోతుంది. స్పేసర్ అనే గొట్టం అమర్చుకుంటే లోపలికి బాగా చేరుతుంది. డబ్బాలో మందు అయిపోయినా గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కాబట్టి వెనుక ఉన్న అంకెను చూడండి. అంకె లేని డబ్బా అయితే ఎన్నిసార్లు నొక్కారో రాసుకోండి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టకండి. ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకు దొరుకుతుందేమో అడగండి.

6. మైదానంలో పాటించవలసిన జాగ్రత్తలు

ఒళ్ళు వేడి చేసుకోవడం: దిగగానే వేగంగా పరుగెత్తకూడదు. 10 నుండి 15 నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి, మధ్యమధ్య కొద్ది దూరం వేగంగా పరుగెత్తి ఆపాలి. ఇలా చేస్తే కొందరికి తర్వాతి గంట, రెండు గంటలు గొట్టాలు అంతగా బిగుసుకోవు. పోటీ రోజున కూడా ఇది మానకూడదు. ముగించేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆగకుండా నడుస్తూ చల్లబడాలి.

గాలి: తెల్లవారుజాము గాలి స్వచ్ఛమైనదని మన పెద్దలు అంటారు. పొలాల మధ్య అది నిజమే కావచ్చు. కాని చలికాలంలో పట్నాల్లో, హైవే పక్కన చల్లని గాలి నేలను అంటిపెట్టుకుని ఉండి, రాత్రి లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోకుండా ఆగిపోతుంది. అలాంటి రోజుల్లో ఎండ కాస్త వచ్చాక పరుగెత్తడం మంచిది. రోడ్డు అంచున కాకుండా స్కూలు మైదానం, చెరువు కట్ట వంటి చోట్లు ఎంచుకోండి. ఫోనులో గాలి నాణ్యత సూచిక చూడవచ్చు. అది 100 దాటితే ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది మొదలు కావచ్చు. 200 దాటితే ఆ రోజు బయట గట్టి పరుగు వద్దు. దీపావళి మర్నాడు కూడా విశ్రాంతి మంచిది.

చలి: బాగా చలిగా ఉన్నప్పుడు ముక్కు, నోటి మీద పలుచని గుడ్డ కట్టుకుని నెమ్మదిగా మొదలుపెడితే లోపలికి వెళ్ళే గాలి కొంత వెచ్చబడుతుంది.

ఈత: క్లోరిన్ నీటిలో చెమట, మూత్రం కలిస్తే ఘాటైన వాయువు పుడుతుంది. అది నీటి పైభాగంలో, ఈదేవారు ఊపిరి తీసుకునే చోటే నిలుస్తుంది. అందువల్ల కొలనులోకి దిగేముందు స్నానం చేయాలి. గాలి ఆడే కొలనునే ఎంచుకోవాలి.

ఇల్లు: బిడ్డ మైదానంలో గంట ఉంటే ఇంట్లో రాత్రంతా ఉంటాడు. పడకగదిలో దోమల చుట్టు పొగ, బీడీ, సిగరెట్టు పొగ, కట్టెల పొయ్యి పొగ ఉంటే ఏ మందూ పూర్తిగా పని చేయదు. దోమతెర కట్టండి. నాన్నగారు బీడీ మానడం కూడా ఈ చికిత్సలో భాగమే.

7. జలుబు, జ్వరం వచ్చినప్పుడు

పోటీ దగ్గర పడినప్పుడు జ్వరంతోనే పరుగెత్తే పిల్లలు ఉన్నారు. ఒక మాత్ర వేసుకుని మైదానానికి వెళ్తారు. ఇది ప్రమాదం. వైరస్ కొన్నిసార్లు గుండె కండరానికి వాపు తెస్తుంది. ఆ సమయంలో గట్టి పరుగు ప్రాణం తీయగలదు.

ఒక తేలిక గుర్తు: ఇబ్బంది మెడకు పైన మాత్రమే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే, నెమ్మదిగా కొంచెం పరుగెత్తవచ్చు. మెడకు కింద ఉంటే, అంటే ఛాతీ దగ్గు, ఆయాసం, ఒళ్ళునొప్పులు ఉంటే, లేదా జ్వరం ఉంటే పూర్తి విశ్రాంతి. జ్వరం తగ్గాక మొదట నడక, తర్వాత నెమ్మది పరుగు, ఆ తర్వాతే వేగం. జలుబు తగ్గినా కొన్ని వారాలపాటు గొట్టాలు సున్నితంగా ఉంటాయని మరువకండి.

8. పోటీల్లో పాల్గొనేవారికి ఒక హెచ్చరిక

రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీల్లో నిషేధిత మందుల పరీక్ష జరుగుతుంది. సాల్బుటమాల్‌ను ఇన్హేలర్ ద్వారా పరిమితిలో పీల్చవచ్చు. ఆ పరిమితి 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600కు మించకుండా. కాని అదే సాల్బుటమాల్ మాత్రగా, సిరప్‌గా నిషిద్ధం. మన దగ్గర దగ్గుకు సులభంగా ఇచ్చే చాలా సిరప్‌లలో టెర్బుటలిన్ ఉంటుంది. అది కూడా నిషిద్ధమే. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు పోటీ సమయంలో నిషిద్ధం. కాబట్టి షాపువారు ఇచ్చిన దగ్గుమందు తాగించే ముందు సీసా మీద పేర్లు చదవండి. "మా బిడ్డ పోటీల్లో పాల్గొంటాడు" అని డాక్టరుకు ముందే చెప్పండి. అవసరమైన మందుకు అనుమతి అడిగే పద్ధతి ఉంది. అయితే ప్రాణాపాయం వచ్చినప్పుడు ఇవేమీ ఆలోచించకండి. ముందు చికిత్స, తర్వాత కాగితాలు.

9. మైదానంలో ఆయాసం ఎక్కువైతే

– వెంటనే పరుగు ఆపించండి. కూర్చోబెట్టి కొంచెం ముందుకు వంగనివ్వండి. పడుకోబెట్టకండి.
– బట్టలు వదులు చేయండి. చుట్టూ గుమిగూడకండి. నీళ్ళు బలవంతంగా తాగించకండి.
– సాల్బుటమాల్ ఇన్హేలర్‌ను స్పేసర్‌తో 4 సార్లు, ఒక్కొక్కటిగా ఇవ్వండి. ప్రతిసారి నాలుగు శ్వాసలు తీసుకోమనండి.
– 4 నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్ళీ 4 సార్లు ఇవ్వండి.
– అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా ఇదే పద్ధతిలో ఇస్తూ ఉండండి.

కింది గుర్తుల్లో ఏది కనిపించినా ఆగి చూడకుండా వెంటనే 108 పిలవండి: ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు, గోళ్ళు నీలంగా మారడం, ఊపిరికి గొంతు గుంట, పక్కటెముకల మధ్య చోటు లోపలికి పోవడం, మగత. పిల్లికూత ఆగిపోయి ఆయాసం మాత్రం అలాగే ఉంటే తగ్గిందని సంతోషించకండి. గాలి కదలడమే ఆగిపోతోందని అర్థం. అది అన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు.

బిడ్డ ఇన్హేలర్ ఎక్కడ ఉందో కోచ్‌కు, కనీసం ఇద్దరు స్నేహితులకు తెలిసి ఉండాలి. సిగ్గుపడి సంచి అడుగున దాచుకుంటే అవసరానికి అందదు.

10. ఉబ్బసం ఉన్నవారు పరుగెత్తగలరా?

గలరు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన 597 మంది అమెరికా క్రీడాకారులను పరీక్షిస్తే 67 మందికి ఈ ఇబ్బంది ఉన్నట్లు తేలింది. వారు చికిత్స తీసుకుని ఆడారు. ఆ 67 మంది 41 పతకాలు తెచ్చారు. బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు చిన్న వయసులోనే ఉబ్బసం ఉన్నట్లు తెలిసింది. ఆమె 2003లో లండన్ మారథాన్‌ను, అంటే 42 కిలోమీటర్లకు పైగా దూరాన్ని, 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తి చేసింది. మహిళల్లో ఆ రికార్డును 2019 వరకు ఎవరూ దాటలేకపోయారు.

ఇవి చెప్పడం ప్రతి బిడ్డా పతకం తేవాలని కాదు. జబ్బును దాచినవారు వెనుకబడతారు, తెలుసుకుని చికిత్స తీసుకున్నవారు ముందుకు పోతారు అని చెప్పడానికే. అదుపులో ఉన్న ఉబ్బసానికి వ్యాయామం మేలే చేస్తుంది. పోలీసు, సైన్యం ఉద్యోగాల్లో వైద్య పరీక్ష నియమాలు వేరుగా ఉంటాయి. వాటిని ముందే కనుక్కోండి. కాని ఉద్యోగం పోతుందేమో అన్న భయంతో జబ్బును దాచి, చికిత్స లేకుండా పరుగెత్తించకండి. ఉద్యోగాలు చాలా ఉంటాయి. ఈ బిడ్డ మీకు ఒక్కడే.

ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. మన బిడ్డకు దగ్గు పరుగులో వస్తోందా, పరుగు ఆపాక వస్తోందా? ఎంతసేపటికి తగ్గుతోంది?
2. ఎప్పుడైనా పరుగులో కళ్ళు తిరిగి పడిపోయాడా? ఛాతీ నొప్పి వచ్చిందా? మనకు చెప్పకుండా దాచాడా?
3. మన ఇంట్లో రాత్రిపూట ఏ పొగ ఉంటోంది? దానిని ఎవరు, ఎప్పటినుండి మానుతారు?
4. ఇన్హేలర్ వాడే పద్ధతి ఇంట్లో ఇద్దరికైనా తెలుసా? డబ్బాలో మందు ఉందా?
5. పరుగు బాగా రాని రోజున మనం బిడ్డతో ఏమి మాట్లాడుతున్నాము?

ఈ ఐదవ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. తిడతారని భయపడే బిడ్డ దగ్గును దాచుకుంటాడు. అడిగితే వింటారని తెలిసిన బిడ్డ మొదటి రోజే చెబుతాడు. మొదటి రోజే చెప్పిన బిడ్డకు చికిత్స చేయడం మాకు చాలా తేలిక. రాసిపెట్టుకున్న ఆ కాగితంతో ఒకసారి ఛాతీ వైద్యుల ఓ.పి.కి తీసుకురండి.